చిన్న పట్టణము, పదహారు సంవత్సరాల ఓపిక



ఈసారి మీ ముందుకు ఒక ఆట సంగతి తెస్తున్నాము. "సంఘస్తులు చదివే చోట ఫుట్‌బాల్ ఎందుకయ్యా?" అని పెద్దలలో కొందరికి అనిపించవచ్చు. మన ఊళ్ళలో పిల్లల చేతిలో క్రికెట్ బ్యాటు కనబడుతుంది గాని, ఫుట్‌బాల్ ఆడేవారు తక్కువ. అయినా కొంచెం ఓపిక పట్టి చదవండి. జర్మనీ దేశములో ఒక చిన్న పట్టణము ఉంది. అక్కడ కొందరు మనుషులు ఒకే పనిని ఎంతకాలము విడవకుండా పట్టుకున్నారో, దాని వలన ఏమి జరిగిందో మీతో పంచుకోవాలని చాలా దినముల నుండి అనుకుంటున్నాము.

ముందుగా చివరి దినముతో మొదలుపెడదాము. తరువాత వెనక్కి వెళ్దాము.

ఆ పదకొండు నిమిషాలు

2023 మే 28, ఆదివారము. జర్మనీ రెండవ స్థాయి లీగ్‌లో ఆ సంవత్సరపు ఆఖరి ఆటలు. అన్ని ఆటలు ఒకే వేళకు మొదలయ్యాయి. పై స్థాయికి, అంటే బుండెస్‌లీగాకు, నేరుగా వెళ్ళే చోట్లు రెండే. మూడవ చోటులో నిలిచిన జట్టు రెండు పరీక్ష ఆటలలో నెగ్గితేనే పైకి వెళ్తుంది.

ఒక చోట హాంబుర్గ్ జట్టు ఆడుతోంది. హాంబుర్గ్ అంటే సుమారు 18 లక్షల జనాభా గల మహానగరము, పెద్ద ఓడరేవు. ఆ జట్టు 1983లో యూరప్ ఖండానికే ఛాంపియన్‌గా నిలిచింది. ఆ దినము వారు జాండ్‌హౌజెన్ అనే చిన్న ఊరిలో 1-0 తేడాతో గెలిచారు. ఆట ముగియగానే వారి అభిమానులు వేలమంది మైదానము మీదికి పరుగెత్తి వచ్చారు. ఏడ్చారు, కౌగలించుకున్నారు. స్టేడియం మైకులో కూడా "పై లీగ్‌కు వెళ్తున్నందుకు అభినందనలు" అని చెప్పేశారు.

అయితే రేగెన్స్‌బుర్గ్ పట్టణములో మరో ఆట ఇంకా ముగియలేదు. అక్కడ ఆడుతున్నది హైడెన్‌హైమ్ జట్టు. వారి పట్టణపు జనాభా సుమారు 50,000. వారు మొదట 2-0 తేడాతో వెనకబడ్డారు. తరువాత ఒక గోలు వచ్చింది. 90 నిమిషాలు పూర్తయ్యేసరికి 2-1, ఇంకా వెనకే ఉన్నారు. రెఫరీ అదనముగా 11 నిమిషాలు ఇచ్చాడు.

ఆ అదనపు సమయములో మూడవ నిమిషాన పెనాల్టీ దొరికింది. యాన్-నిక్లాస్ బెస్టె అనే ఆటగాడు దానిని గోలుగా మార్చాడు. 2-2. కాని గమనించండి, సమానము చేస్తే వారికి చాలదు. ఆట డ్రాగా ముగిస్తే వారికి మొత్తము 65 పాయింట్లు, హాంబుర్గ్‌కు 66. గెలిచి తీరాలి. తొమ్మిదవ నిమిషములో టిమ్ క్లైన్‌డీన్‌స్ట్ బంతిని గోలులోకి నెట్టాడు. 3-2.

అటు జాండ్‌హౌజెన్‌లో మైదానము మీద నాట్యమాడుతున్న హాంబుర్గ్ అభిమానులు తమ ఫోన్లు చూసుకున్నారు. ఒక్కొక్కరుగా మౌనమైపోయారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అదే వేళలో మొదటి స్థానములో ఉన్న డార్మ్‌స్టట్ జట్టు వేరే చోట 4-0 తేడాతో ఓడిపోయింది. ఇప్పుడు ఇద్దరికీ 67 పాయింట్లే. గోల్స్ తేడాలో ముందున్న హైడెన్‌హైమ్ పై లీగ్‌కు వెళ్ళడమే కాదు, ఆ లీగ్ ఛాంపియన్‌గా కూడా నిలిచింది. డార్మ్‌స్టట్‌ను ఓడించిన ఆ జట్టు పేరు గ్రాయిటర్ ఫ్యూర్ట్. ఈ పేరును గుర్తుపెట్టుకోండి, మరల దాని దగ్గరకు వస్తాము.

లోకమంతా ఆ 11 నిమిషాలనే చూసింది, అద్భుతము అన్నది. ఆ 11 నిమిషాల వెనక ఉన్న సంవత్సరాల గురించి మాట్లాడిన వారు తక్కువ. వాటి గురించే మేము వ్రాయాలనుకున్నాము.

ఆ పట్టణము ఎక్కడ ఉంది?

జర్మనీకి దక్షిణాన బాడెన్-వుర్టెంబెర్గ్ అనే రాష్ట్రము ఉంది. అందులో తూర్పు వైపున సున్నపురాయి కొండలు, అడవులు గల మెట్టప్రాంతము ఉంది. చలి ఎక్కువ, నేల అంత సారము గలది కాదు. ఆ ప్రాంతపు జనులను స్వాబియన్లు అంటారు. కష్టపడి పనిచేసేవారని, రూపాయి రూపాయి చూసి ఖర్చుపెట్టేవారని జర్మనీ అంతటా వారికి పేరు. బ్రెంట్స్ అనే చిన్న నది పక్కన హైడెన్‌హైమ్ ఉంది. పట్టణానికి పైన కొండ మీద హెలెన్‌స్టైన్ అనే పాత కోట కనబడుతుంది. ఆ కోట దాటి ఇంకా పైకి వెళ్తే అడవి అంచున ఫుట్‌బాల్ మైదానము. సముద్రమట్టానికి 555 మీటర్ల ఎత్తు. జర్మనీలో పై స్థాయి జట్ల మైదానాలలో ఇదే అన్నిటికంటే ఎత్తైనది.

పట్టణము చిన్నదైనా పనిచేసే పట్టణము. ఫోయిట్ అనే కంపెనీ ఇక్కడ పుట్టినదే. తాళాలు చేసే చిన్న పనిశాలగా మొదలై, 1867 నుండి కంపెనీగా ఎదిగి, కాగితపు యంత్రాలు, జలవిద్యుత్ టర్బైన్లు చేసి లోకమంతటికీ పంపుతోంది. గాయాలకు కట్టే దూది, కట్టుగుడ్డలు తయారుచేసే హార్ట్‌మన్ కంపెనీ కూడా ఈ ఊరిదే. అంటే ఇది ఎవరూ సెలవులకు వచ్చి చూసే అందమైన ఊరు కాదు. ఉదయాన్నే లేచి కర్మాగారానికి వెళ్ళే మనుషుల ఊరు.

ఆటకు ముందే పుట్టిన సంఘము

ఆ జట్టు పూర్తి పేరులో 1846 అనే సంఖ్య ఉంది. ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 1846లో జర్మనీలో ఫుట్‌బాల్ లేనే లేదు గదా? ఆ సంవత్సరము ఎక్కడ నుండి వచ్చింది?

ఆ సంవత్సరములో హైడెన్‌హైమ్‌లో మొదలైనది వ్యాయామ సంఘము. దానికి ముందు కథ ఒకటి ఉంది. ఫ్రీడ్రిక్ లూడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ వద్ద బయలు ప్రదేశములో యువకులకు వ్యాయామము నేర్పడము మొదలుపెట్టాడు. ఆ యువకులలో దేశభక్తి, స్వాతంత్ర్యపు మాటలు పెరుగుతున్నాయని పాలకులు భయపడ్డారు. 1820లో ప్రష్యా రాజ్యము అలాంటి వ్యాయామాన్ని నిషేధించింది. 1842లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ తరువాత ఊరూరా వ్యాయామ సంఘాలు పుట్టుకొచ్చాయి. హైడెన్‌హైమ్ సంఘము ఆ కాలపుదే.

జర్మనీలో ఇలాంటి సంఘము ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతా కథ బాగా అర్థమవుతుంది. సభ్యులు చందా కడతారు. సర్వసభ్య సమావేశములో అధ్యక్షుని, కోశాధికారిని ఎన్నుకుంటారు. చాలా పనులు జీతము లేకుండా సభ్యులే చేస్తారు. ఒకరు మైదానములో గీతలు గీస్తారు, ఒకరు పిల్లల జెర్సీలు ఉతుకుతారు, ఒకరు లెక్కలు వ్రాస్తారు. మన సంఘాలలో పరిచర్య చేసేవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నేటికీ జర్మనీలో పెద్ద జట్లలో సైతము సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల సంఘము చేతిలోనే ఉండాలన్న నియమము ఉంది. కొన్ని మినహాయింపులు ఉన్నా, ధనవంతుడు ఒకడు వచ్చి జట్టును తన సొంత ఆస్తిగా మార్చుకోవడము అక్కడ అంత సులభము కాదు.

ఫుట్‌బాల్ ఇంగ్లాండు నుండి వచ్చింది. 1874లో బ్రౌన్‌ష్వైగ్ పట్టణపు ఉపాధ్యాయుడు కొన్రాడ్ కోక్ తన బడి పిల్లలకు నేర్పాడు. వ్యాయామ సంఘాల పెద్దలకు అది నచ్చలేదు. వారి దృష్టిలో వ్యాయామము అంటే వరుసగా నిలబడి, క్రమముగా చేసేది. ఇదేమో బంతి వెంట పరుగు, తోపులాట. 1898లో స్టుట్‌గార్ట్‌కు చెందిన కార్ల్ ప్లాంక్ అనే ఉపాధ్యాయుడు ఫుట్‌బాల్‌ను "ఇంగ్లీషు జబ్బు" అని తిడుతూ ఒక పుస్తకమే వేశాడు. అది కూడా స్వాబియన్ ప్రాంతములోనే. అయినా పిల్లలు ఆగలేదు. 1900లో దేశమంతటి ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. హైడెన్‌హైమ్‌లో ఫుట్‌బాల్ సంఘము 1911లో వచ్చింది.

ఆ తరువాతి చరిత్ర సాఫీగా సాగలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. మధ్యలో 1933 నుండి నాజీల పాలన. ఆ కాలములో జర్మనీ అంతటా క్రీడా సంఘాలను ప్రభుత్వము తన చేతిలోకి తీసుకుంది. యూదులైన సభ్యులను సంఘాల నుండి వెళ్ళగొట్టారు. ఎన్నో సంఘాలు అలా చేయమని ఆజ్ఞ రాకముందే చేశాయి. ఇది జర్మన్ క్రీడా చరిత్రలో సిగ్గుపడవలసిన పేజీ, దానిని దాటవేయకూడదు.

యుద్ధము ముగిసిన తరువాత హైడెన్‌హైమ్ సంఘాలు విడిపోయాయి, మరల కలిశాయి. 1972లో పాత సంఘాలు కలిసి ఒకే క్రీడా సంఘముగా ఏర్పడ్డాయి. అప్పటికి దేశపు పెద్ద లీగ్ అయిన బుండెస్‌లీగా మొదలై తొమ్మిదేళ్ళు. ఆ లీగ్‌లో హైడెన్‌హైమ్ పేరు ఎవరికీ తెలియదు. ఇంకా యాభై ఏళ్ళు తెలియబోదు కూడా.

మెట్ల దారి

మనము చూసే ఐపీఎల్‌లో జట్లు స్థిరముగా ఉంటాయి. ఆఖరి స్థానములో నిలిచినా మరుసటి సంవత్సరము అదే లీగ్‌లో ఆడతారు. జర్మనీ ఫుట్‌బాల్ అలా ఉండదు. అది నిచ్చెన. అన్నిటికంటే పైన బుండెస్‌లీగా, దాని కింద రెండవ బుండెస్‌లీగా, దాని కింద మూడవ లీగ్, దాని కింద ప్రాంతీయ లీగ్‌లు, వాటి కింద జిల్లా లీగ్‌లు. గెలిచినవారు ఒక మెట్టు ఎక్కుతారు, ఓడినవారు ఒక మెట్టు దిగుతారు. కాబట్టి ఏ కుగ్రామపు జట్టుకైనా పైకి వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. ఎంత గొప్ప జట్టుకైనా కిందకి జారే దారి కూడా తెరిచే ఉంటుంది.

1990ల మధ్యలో హైడెన్‌హైమ్ ఫుట్‌బాల్ విభాగము కింది మెట్లలో ఉంది. అప్పుడు హోల్గర్ జాన్‌వాల్ట్ అనే యువకుడు దాని బాధ్యత తీసుకున్నాడు. అతనికి ఇంకా ముప్పై ఏళ్ళు లేవు. ఊరిలోని కంపెనీల తలుపులు తట్టాడు. చిన్న దుకాణాల వద్దకు కూడా వెళ్ళాడు. ఒక్కరి నుండి పెద్ద మొత్తము కాకుండా, అనేకుల నుండి వారి శక్తి కొలది సహాయము కూడగట్టాడు. 2004లో జట్టు ఓబర్‌లీగా అనే లీగ్‌కు ఎక్కింది. 2007 జనవరి 1న ఫుట్‌బాల్ విభాగము పెద్ద సంఘము నుండి విడివడి నేటి పేరుతో స్వతంత్ర సంఘముగా నిలిచింది. జాన్‌వాల్ట్ మాత్రము ఎక్కడికీ వెళ్ళలేదు. 2023లో జట్టు బుండెస్‌లీగాకు చేరిననాడు కూడా దానిని నడిపిస్తున్నది అతడే.

రెండు ఆటల కోసము వచ్చిన మనిషి

2007 సెప్టెంబరులో జట్టు సరిగా ఆడటము లేదని కోచ్‌ను తీసివేశారు. కొత్త కోచ్ దొరికేవరకు ఒక రెండు ఆటలు చూసుకొమ్మని ఫ్రాంక్ ష్మిట్‌ను అడిగారు. సెప్టెంబరు 17న అతడు బాధ్యత తీసుకున్నాడు. వయస్సు 33. ఆ ఊరిలోనే పుట్టినవాడు. కొంతకాలము క్రితము వరకు ఆ జట్టులోనే రక్షణ ఆటగాడుగా ఆడినవాడు.

ఇక్కడ మనము కొంచెం వెనక్కి వెళ్ళాలి. ష్మిట్ యువకుడుగా ఉన్నప్పుడు ఫెస్టెన్‌బెర్గ్స్‌గ్రాయిత్ అనే ఊరి జట్టులో ఆడాడు. పేరు పలకడానికి పెద్దదే గాని, ఊరు మాత్రము చాలా చిన్నది. మూలికలు, టీ ఆకుల వ్యాపారానికి పేరు పొందిన పల్లె. 1994 ఆగస్టు 14న జర్మన్ కప్ పోటీలో ఆ పల్లె జట్టు దేశములోనే అతి గొప్ప జట్టు బాయర్న్ మ్యూనిక్‌ను 1-0తో ఓడించింది. దేశమంతా నోరు తెరిచి చూసింది. పత్రికలన్నీ ఆ పల్లె పేరు వ్రాశాయి. ఆ జట్టులో 20 ఏళ్ళ ఫ్రాంక్ ష్మిట్ ఉన్నాడు.

తరువాత ఏమైంది? రెండే సంవత్సరాలలో, 1996లో, ఆ పల్లె ఫుట్‌బాల్ విభాగము ఫ్యూర్ట్ నగరపు జట్టులో కలిసిపోయింది. "గ్రాయిటర్ ఫ్యూర్ట్" అనే కొత్త పేరులో ముందున్న ఆ ఒక్క మాటే పల్లెకు మిగిలిన గుర్తు. అవును, 2023లో ఆఖరి దినాన డార్మ్‌స్టట్‌ను ఓడించి హైడెన్‌హైమ్‌ను ఛాంపియన్ చేసిన జట్టు ఇదే. ఎంత విచిత్రము చూడండి!

ఒక దినపు గొప్ప విజయము ఒక చిన్న ఊరిని నిలబెట్టలేదని ష్మిట్ తన కళ్ళతో చూశాడు. ఆ అనుభవము అతని మనసులో ఏమి చేసిందో మేము చెప్పలేము. అతని పని మాత్రము చెప్పగలము. రెండు ఆటల కోసము వచ్చినవాడు వెళ్ళలేదు. 2008లో జట్టు ఒక మెట్టు ఎక్కింది. 2009లో మరో మెట్టు, మూడవ లీగ్. అక్కడ ఐదు సంవత్సరాలు నిలిచిపోయింది. 2014లో ఆ లీగ్ ఛాంపియన్‌గా రెండవ బుండెస్‌లీగాకు చేరింది. అక్కడ తొమ్మిది సంవత్సరాలు.

మైదానము కూడా అలాగే విడతలు విడతలుగా పెరిగింది. ఒక వైపు గ్యాలరీ, తరువాత ఇంకో వైపు. చివరికి 15,000 మంది పట్టే స్టేడియం అయ్యింది. అది ఫోయిట్ కంపెనీ పేరును పెట్టుకుంది. ఊరి జనాభాతో చూస్తే ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి అందులో చోటు ఉంది.

ఫుట్‌బాల్ లోకములో కోచ్‌ల ఉద్యోగము ఎంత అస్థిరమో తెలుసా? వరుసగా ఐదారు ఆటలు ఓడితే పంపించేస్తారు. పెద్ద జట్లలో ఒక సంవత్సరము నిలిస్తే గొప్ప. ష్మిట్‌కు కూడా ఓడిన కాలాలు వచ్చాయి. సంఘము అతనిని పంపలేదు. పెద్ద జట్లు పిలిచే వేళ వచ్చినా అతడు వెళ్ళలేదు. ఇది ఒక వైపు నమ్మకము కాదు, రెండు వైపులా నిలిచిన నమ్మకము.

గెలవని దినములు

మనము విజయపు కథలు చెప్పేటప్పుడు మధ్యలోని ఓటములను దాటవేస్తాము. ఈ కథలో అవే ముఖ్యము.

2019 ఏప్రిల్ 3న జర్మన్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో హైడెన్‌హైమ్ మ్యూనిక్ వెళ్ళి బాయర్న్‌తో ఆడింది. సగము ఆట ముగిసేసరికి 2-1తో ముందుంది. తరువాత 4-2తో వెనకబడింది. మరల 4-4 చేసింది. చివరికి 84వ నిమిషములో పెనాల్టీతో బాయర్న్ 5-4గా గెలిచింది. అందరూ మెచ్చుకున్నారు. కాని ఓటమి ఓటమే.

2020 ఇంకా బాధాకరము. కరోనా కాలము, ఖాళీ స్టేడియాలు. హైడెన్‌హైమ్ మూడవ స్థానములో నిలిచి, బుండెస్‌లీగాకు వెళ్ళడానికి వెర్డర్ బ్రెమెన్ జట్టుతో రెండు పరీక్ష ఆటలు ఆడింది. మొదటిది బ్రెమెన్‌లో 0-0. రెండవది తమ సొంత మైదానములో 2-2. రెండూ డ్రాలే. ఒక్క ఆట కూడా ఓడలేదు. అయితే అప్పటి నియమము ప్రకారము, సమానమైతే ఎదుటివారి మైదానములో ఎక్కువ గోల్స్ చేసినవారే గెలిచినట్లు. బ్రెమెన్ నిలిచింది, హైడెన్‌హైమ్ కిందే ఉండిపోయింది. ఓడిపోకుండానే ఓడిపోవడము అంటే ఇదే. ఆ సాయంకాలము వారితో కలిసి ఏడ్వడానికి గ్యాలరీలో జనము కూడా లేరు.

ఇప్పుడు మార్క్ ష్నాటెరర్ గురించి చెప్పాలి. ఈ కథలో మా మనసును ఎక్కువగా తాకినది ఇతడే. 2008లో జట్టు నాలుగవ స్థాయిలో ఉన్నప్పుడు వచ్చాడు. నాయకుడయ్యాడు. మెట్టు మెట్టుకూ జట్టుతో ఎక్కాడు. మ్యూనిక్‌లో బాయర్న్ మీద ఆ రాత్రి ఒక గోలు అతనిదే. 13 సంవత్సరాలు ఆ జెర్సీ వేసుకున్నాడు. 2021లో, వయస్సు 35 దాటిన తరువాత, జట్టును విడిచాడు. బుండెస్‌లీగా ద్వారము తెరుచుకున్నది 2023లో. హైడెన్‌హైమ్ జెర్సీతో అందులో అడుగు పెట్టే భాగ్యము అతనికి కలగలేదు.

జనులను ఏళ్ళ తరబడి నడిపించి, కొండ మీద నుండి అవతలి దేశాన్ని కళ్ళారా చూసి, లోపలికి వెళ్ళకుండానే నిలిచిపోయిన వృద్ధుని సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ష్నాటెరర్ పేరు విన్నప్పుడు మాకు అదే గుర్తొస్తుంది. అతని 13 సంవత్సరాలు వ్యర్థమా? అతడు వేసిన మెట్లు లేకపోతే క్లైన్‌డీన్‌స్ట్ ఆ ఆఖరి గోలు ఏ మెట్టు మీద నిలబడి కొట్టేవాడు?

తరువాత జరిగినది

పై లీగ్‌లో హైడెన్‌హైమ్ ఒక్క సంవత్సరములోనే కిందికి దిగుతుందని చాలామంది అనుకున్నారు. మొదటి మూడు ఆటలలో గెలుపు లేదు. నాలుగవ ఆటలో, తమ మైదానములో, 4-2తో మొదటి గెలుపు వచ్చింది. ఎవరి మీద? మూడేళ్ళ క్రితము ద్వారము మూసిన అదే వెర్డర్ బ్రెమెన్ మీద. ఆ దినము 2023 సెప్టెంబరు 17. ష్మిట్ రెండు ఆటల కోసమని వచ్చి సరిగ్గా 16 సంవత్సరాలు. ఫ్రైబుర్గ్ జట్టును 16 సంవత్సరాలు నడిపిన ఫోల్కర్ ఫింకె పేరున ఉన్న రికార్డును ష్మిట్ ఆ నెలలోనే దాటాడు.

2024 ఏప్రిల్ 6న బాయర్న్ హైడెన్‌హైమ్‌కు వచ్చింది. సగము ఆటకు 2-0తో ముందుంది. రెండవ సగములో హైడెన్‌హైమ్ మూడు గోల్స్ చేసి 3-2గా గెలిచింది. ఆ సంవత్సరము ఎనిమిదవ స్థానములో నిలిచి యూరప్ పోటీలకు కూడా అర్హత సంపాదించింది. ఆ కొండ మీది మైదానానికి 2024 నవంబరులో లండన్ నుండి చెల్సీ జట్టు వచ్చి ఆడి వెళ్ళింది.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. కాని నిజము ఇంకా ఉంది. మంచి ఆటగాళ్ళను పెద్ద జట్లు తీసుకుపోయాయి. క్లైన్‌డీన్‌స్ట్ వెళ్ళాడు, బెస్టె పోర్చుగల్ వెళ్ళాడు. గురువారము యూరప్ ఆట, ఆదివారము లీగ్ ఆట, చిన్న జట్టు అలసిపోయింది. 2025 మే నాటికి హైడెన్‌హైమ్ 16వ స్థానములో ఉంది. ఇప్పుడు పైన ఉండటానికి పరీక్ష ఆటలు ఆడవలసి వచ్చింది. ఎదుట ఎవరున్నారనుకుంటున్నారు? ఎల్వర్స్‌బెర్గ్. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర సుమారు 13,000 జనాభా గల చిన్న ఊరు. హైడెన్‌హైమ్ కంటే చాలా చిన్నది.

మొదటి ఆట 2-2. రెండవ ఆటలో అదనపు సమయము ఐదవ నిమిషములో హైడెన్‌హైమ్ గోలు చేసి 2-1గా గెలిచింది. నిలిచింది. ఈసారి ఆఖరి నిమిషములో గుండె పగిలినది మరో చిన్న ఊరికి. 2020లో తాము ఏడ్చిన ఏడుపునే ఇప్పుడు ఎదుటివారు ఏడ్వడము హైడెన్‌హైమ్ వారు చూశారు. నిచ్చెన మీద ఒకరు నిలబడాలంటే ఒకరు దిగాలి. అది ఆటలోని కఠినత. గెలిచినవారు దానిని మరచిపోకూడదు.

మనము ఆలోచించవలసినది

ప్రియులారా, ఈ చరిత్ర చదువుతున్నప్పుడు మాకు కొన్ని సంగతులు స్పష్టముగా కనబడ్డాయి.

ఒకటి, డబ్బు లేకుండా ఇది జరగలేదు. ఊరిలో పెద్ద కంపెనీలు ఉన్నాయి, అవి సహాయము చేశాయి. అది దాచి "కేవలము పట్టుదల" అని చెబితే అబద్ధమవుతుంది. కాని అంతకంటే ఎక్కువ డబ్బు గల జట్లు ఎన్నో కింది లీగ్‌లలో పడి ఉన్నాయి. హాంబుర్గ్ మరల పైకి రావడానికి 2025 వరకు ఆగవలసి వచ్చింది.

రెండు, పెద్ద ఆరంభము అక్కరలేదు. ష్మిట్‌కు అప్పగించినది రెండు ఆటలే. జాన్‌వాల్ట్‌కు అప్పగించినది ఎవరికీ తెలియని ఒక చిన్న విభాగము. ఆ రెండు ఆటలను, ఆ చిన్న విభాగాన్ని వారు నమ్మకముగా చూసుకున్నారు. మిగతాది దాని వెనక వచ్చింది.

మూడు, అందరికీ ఫలము కనబడదు. 1846లో వ్యాయామ సంఘము పెట్టినవారి పేర్లు మనలో ఎవరికీ తెలియవు. జెర్సీలు ఉతికినవారి పేర్లు ఏ పత్రికలోనూ రావు. ష్నాటెరర్ పేరు వచ్చింది గాని, ఆ దినాన అతడు మైదానములో లేడు. అయినా ఆ జట్టు వారందరిదీ.

మన పిల్లలు చదువుకొని, ఉద్యోగాలకని పట్నాలకు వెళ్తున్నారు. వెళ్ళనివ్వండి, అది తప్పు కాదు. కాని "ఈ ఊరిలో ఉండి ఏమి సాధిస్తాములే" అనే మాట మన ఇండ్లలో తరచుగా వినబడుతుంది. ఆ మాట అన్నప్పుడు, ఆ కొండ మీది మైదానాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఉండిపోయినవాడు తక్కువవాడు కాడు. రెండు ఆటల కోసము పిలిస్తే వచ్చి, పని ముగిసేదాకా ఉన్నవాడు ఆ ఊరికి ఏమి చేశాడో చూశాము.

మీలో ఎవరికైనా ఇప్పుడు అలాంటి చిన్న పని చేతికి వచ్చి ఉండవచ్చు. నాలుగు వారాలు పిల్లలకు చదువు చెప్పమని, ఒక నెల లెక్కలు చూడమని ఎవరైనా అడిగి ఉండవచ్చు. ఆ పని ఎక్కడిదాకా వెళ్తుందో ఈ దినము మనకు తెలియదు. ముందు ఆ నాలుగు వారాలు బాగా చేయండి.